హెవీ లైసెన్సు వెనుక శిక్షణ ఎంత, పరీక్ష ఎంత?

2025 అక్టోబరు 24న తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు మరణించారు. ఆ తర్వాత బస్సు కట్టుబడి గురించి, దాని రిజిస్ట్రేషన్ గురించి ఎంత చర్చ జరిగిందో, డ్రైవరు చదువు గురించి, లైసెన్సు గురించి కూడా అంతే చర్చ జరిగింది. నకిలీ పదో తరగతి ధ్రువపత్రంతో హెవీ లైసెన్సు తీసుకున్నారన్న ఆరోపణ వార్తల్లోకి రావడంతో, అసలు బస్సు నడపడానికి ఎంత చదవాలి, ఎన్నాళ్లు నేర్చుకోవాలి, ఎవరు పరీక్షించాలి అన్న ప్రశ్నలు కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఇంటింటా వినిపించాయి. ఈ మూడు జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కని కుటుంబం అరుదు కాబట్టి అది సహజమే. ప్రమాద కారణాలను తేల్చడం దర్యాప్తు చేసేవారి పని. ఈ వ్యాసం లైసెన్సు అనే కాగితానికి పరిమితమై, దాన్ని సంపాదించడానికి చట్టం ఏమేమి అడుగుతుందో, ఏమేమి అడగదో వివరిస్తుంది.

లైసెన్సు, శిక్షణ పత్రం, వైద్య పత్రం: వేటి పని వాటిదే

మాటల్లో అన్నింటినీ కలిపి ‘హెవీ లైసెన్సు’ అనేస్తాం గానీ, దాని వెనుక వేర్వేరు పత్రాలు ఉంటాయి. మొదటిది అందరూ ఎల్‌ఎల్‌ఆర్ అని పిలిచే లెర్నర్ లైసెన్సు. అది ఆరు నెలలు చెల్లుతుంది, చేతికొచ్చిన 30 రోజుల తర్వాతే అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. రెండోది డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5, అంటే ఇతను మా దగ్గర శిక్షణ పొందాడని చెప్పే పత్రం. కారు నేర్చుకునేవారు స్కూలుకు వెళ్లకుండా ఇంట్లోవాళ్ల దగ్గర నేర్చుకున్నా చట్టం అడ్డు చెప్పదు. బస్సు, లారీ వంటి రవాణా వాహనానికి మాత్రం ఈ ఫారం తప్పనిసరి. మూడోది వైద్యుడు సంతకం చేసే ఫారం 1ఎ. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటును చదవగలడా, రంగులను గుర్తించగలడా, రేచీకటి ఉందా, వినికిడి ఎలా ఉంది అన్నవి ఇందులో ఉంటాయి. ఇవన్నీ జతచేసి రవాణా శాఖ కార్యాలయానికి వెళ్తే, మన ప్రాంతంలో చాలామంది ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని పిలిచే మోటారు వాహన తనిఖీ అధికారి బండి నడిపించి చూస్తారు. లైసెన్సు ఆ తర్వాత వస్తుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ప్రమాదం జరిగినప్పుడు ‘లైసెన్సు ఉంది కదా’ అని ఒకరు, ‘శిక్షణ లేదు కదా’ అని మరొకరు వాదించుకుంటారు. ఇద్దరూ వేర్వేరు కాగితాల గురించి మాట్లాడుతున్నారన్న సంగతి ఆ వాదనలో మరుగున పడుతుంది.

7,500 కిలోల గీత ఎక్కడ పడుతుంది

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం తేలికపాటి వాహనం అంటే 7,500 కిలోలు మించనిది. ఇందులో ఒక మెలిక ఉంది. కారు, ట్రాక్టరు, రోడ్డు రోలరు విషయంలో ఖాళీ బరువును చూస్తారు. రవాణా వాహనం, బస్సు లాంటి వాటి విషయంలో మనుషులు, సామానుతో కలిపి అనుమతించిన మొత్తం బరువును చూస్తారు. ఉదాహరణకు షిర్డీకో అజ్మీరుకో యాత్రికులను తీసుకెళ్లే టెంపో ట్రావెలర్ పూర్తి బరువు 7,500 కిలోలకు చాలా లోపే ఉంటుంది. మామూలు పల్లెవెలుగు బస్సైనా, పన్నెండు మీటర్ల స్లీపర్ బస్సైనా ఆ గీతను సులభంగా దాటిపోతాయి.

గీతకు లోపలున్న టెంపో ట్రావెలర్‌ను, పసుపు ప్లేటు ఉన్నంత మాత్రాన, కారు లైసెన్సుతో నడపకూడదా? ఈ ప్రశ్న చాలా ఏళ్లు కోర్టుల్లో నలిగింది. రవాణా వాహనం నడపడానికి లైసెన్సులో ప్రత్యేక అనుమతి ఉండాలని చట్టంలోనే రాసి ఉంది కాబట్టి, అది లేని డ్రైవరు ప్రమాదం చేస్తే పరిహారం తమపై పడకూడదని బీమా సంస్థలు వాదించాయి. తేలికపాటి వాహనానికి చట్టం చెప్పిన నిర్వచనంలోనే రవాణా వాహనం కూడా ఉన్నప్పుడు మళ్లీ వేరే అనుమతి ఎందుకన్నది అవతలి వాదన. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం రెండో వాదనవైపు మొగ్గింది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. ఎల్‌ఎంవీ, అంటే తేలికపాటి వాహనం లైసెన్సుతో రవాణా వాహనాలు నడిపేవారి వల్లే ప్రమాదాలు పెరిగాయని చూపే గణాంకాలేవీ తమ ముందుకు రాలేదని కూడా ఆ తీర్పు పేర్కొంది. బీమా సంస్థల ఆందోళన ఊరికే పుట్టిందని చెప్పలేం గానీ, ఆటోలు, చిన్న వ్యాన్లతో బతికే లక్షల మంది జీవనోపాధి తక్కెడ రెండో పళ్లెంలో ఉందన్నదీ నిజమే. పర్యవసానం ఏమిటంటే, వైద్య పత్రం, ఫారం 5, ఏడాది పాటు తేలికపాటి వాహనం లైసెన్సు ఉండడం వంటి అదనపు షరతులు 7,500 కిలోలు దాటిన బండ్ల డ్రైవర్లకు వర్తిస్తాయి. పదిహేను మంది యాత్రికులను తీసుకుని రాత్రంతా నడిపే టెంపో డ్రైవరు ఆ షరతుల బయటే ఉంటాడు.

డోన్ యువకుడికి లైసెన్సు వచ్చే క్రమం

నిబంధనలను విడివిడిగా చదివితే తేలికగానే అర్థమవుతాయి. ఒకే మనిషికి అన్నింటినీ వర్తింపజేసినప్పుడే చిక్కు కనిపిస్తుంది. 2006 జూన్‌లో పుట్టిన డోన్ యువకుడొకరు బస్సు డ్రైవరు కావాలనుకున్నాడని ఊహిద్దాం. 2024 జూన్‌లో 18 నిండగానే ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష రాశాడు. అందులో 60 శాతం సమాధానాలు సరిగా ఉంటే చాలు. ఆగస్టులో కారు లైసెన్సు వచ్చింది. రవాణా వాహనం ఎల్‌ఎల్‌ఆర్ కావాలంటే తేలికపాటి వాహనం లైసెన్సు కనీసం ఏడాది పాటు ఉండి ఉండాలి, అంటే 2025 ఆగస్టు. కానీ రవాణా వాహనానికి కనీస వయసు 20 ఏళ్లు కాబట్టి అతను 2026 జూన్ వరకు ఆగక తప్పదు. అప్పుడు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, స్కూల్లో నెల రోజులు నేర్చుకుని, ఫారం 5, ఫారం 1ఎ జతచేసి ఆగస్టులో పరీక్ష పాసైతే, ఇరవై ఏళ్ల రెండు నెలల వయసులో నలభై మందిని ఎక్కించుకున్న బస్సు స్టీరింగ్ పట్టుకోవడానికి చట్టం దృష్టిలో అర్హుడవుతాడు. ఆ రెండేళ్లలో కారు నిజంగా నడిపాడా, లైసెన్సును బీరువాలో పెట్టాడా అన్నది ఎవరూ అడగరు. చట్టం కోరింది లైసెన్సు వయసు ఏడాది కావాలని, నడిపిన అనుభవం ఏడాది కావాలని కాదు.

ఇదే క్రమంలో ఎక్కువ మంది గమనించని విషయం మరొకటి ఉంది. అప్పటికే చెల్లుబాటయ్యే డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవారు కొత్త రకం వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకునేటప్పుడు ప్రశ్నల పరీక్ష మళ్లీ రాయనక్కరలేదని కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 మినహాయింపు ఇస్తుంది. అంటే మన డోన్ యువకుడు జీవితంలో రాసిన ఏకైక ప్రశ్నల పరీక్ష పద్దెనిమిదో ఏట రాసినదే. గాలి బ్రేకులు ఎలా పనిచేస్తాయి, పొడవైన బండి మలుపులో వెనుక చక్రాలు ఏ దారిన వస్తాయి, పొగ వస్తే ప్రయాణికులను ఏ తలుపు నుంచి దించాలి అన్న ప్రశ్నలు రవాణా శాఖ తరఫున అతనికి రాతపూర్వకంగా ఎదురుకావు.

ఎనిమిదో తరగతి నిబంధన ఎందుకు పోయింది

రవాణా వాహన డ్రైవరు కనీసం ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. 2019లో కేంద్రం దాన్ని తొలగించింది. దేశంలో సుమారు 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని, హర్యానాలోని మేవాత్ వంటి ప్రాంతాల్లో నైపుణ్యం ఉండీ చదువు లేక ఉపాధి కోల్పోతున్నవారు ఉన్నారని అప్పుడు రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ చెప్పింది. డ్రైవింగుకు కావలసింది తరగతి కాదు, నైపుణ్యం అన్నది ఆ నిర్ణయం వెనుక ఉన్న తర్కం. వ్యతిరేకించినవారు సూచిక బోర్డులు, వాహనం మాన్యువల్, అత్యవసర సూచనలు చదవలేని వ్యక్తికి బస్సు ఎలా అప్పగిస్తామని అడిగారు.

రెండు వాదనల్లోనూ బలం ఉంది. బేతంచెర్ల నాపరాళ్ల లారీల మీద, ఎర్రగుంట్ల సిమెంటు లారీల మీద క్లీనరుగా చేరి, డ్రైవరు పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చూసి నేర్చుకున్నవారిలో బడి మానేసినవారే ఎక్కువ, వారిలో చేయి తిరిగిన డ్రైవర్లకు కొదవ లేదు. అయితే చదువు నిబంధనను తీసేసినప్పుడు దాని స్థానంలో శిక్షణను గట్టిపరుస్తామని కూడా అప్పుడే చెప్పారు. చర్చ అసలు జరగవలసింది ఆ రెండో సగం మీద. ధ్రువపత్రం అసలుదా నకిలీదా అన్నది నేర విచారణకు సంబంధించిన విషయం. పదో తరగతి పత్రం అసలుదే అయినంత మాత్రాన అది బ్రేకు వేయడం నేర్పదు.

పదిహేను గంటల లెక్క

రవాణా వాహన శిక్షణ 30 రోజులకు తగ్గకూడదని, అందులో అభ్యర్థి స్వయంగా నడిపిన సమయం 15 గంటలకు తగ్గకూడదని నియమావళి చెబుతుంది. హైదరాబాదు నుంచి బెంగళూరుకు సుమారు 570 కిలోమీటర్లు, రాత్రి బస్సుకు తొమ్మిది పది గంటల ప్రయాణం. ఒకసారి వెళ్లి రావడానికి పట్టే సమయంకంటే చట్టం కోరిన శిక్షణ సమయం తక్కువన్నమాట. పాఠ్యక్రమం మాత్రం చిన్నది కాదు. భారీ వాహనం నడిపే పద్ధతి, వాహన నిర్వహణ, అగ్ని ప్రమాదాలు, ప్రథమ చికిత్స, ప్రయాణికులతో మెలిగే తీరు అన్నీ అందులో ఉన్నాయి. కాగితం మీద అది మంచి పాఠ్యక్రమమే.

ఆ పదిహేను గంటలైనా పూర్తిగా దక్కడం ఎందుకు కష్టమో స్కూలు యజమాని వైపు నుంచి లెక్క వేసి చూద్దాం. ఇవి వివరణ కోసం పెట్టుకున్న అంకెలు మాత్రమే. ఒక పాత బస్సు, పన్నెండు మంది అభ్యర్థులు ఉన్నారనుకుంటే 12 × 15 = 180 గంటలు, అంటే ముప్ఫై రోజులూ సెలవు లేకుండా రోజుకు ఆరు గంటలు బండి తిరగాలి. శిక్షణలో గంటకు 25 కిలోమీటర్ల సగటు వేసుకుంటే 4,500 కిలోమీటర్లు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే 1,125 లీటర్ల డీజిలు. లీటరు 95 రూపాయల చొప్పున ఒక్కో అభ్యర్థికి డీజిలు ఖర్చే సుమారు 8,900 రూపాయలు. దీని మీద శిక్షకుడి జీతం, బండి మరమ్మతులు, పన్ను, బీమా ఉంటాయి. గంటకో అరగంటకో కత్తెర వేసినకొద్దీ మిగులు పెరుగుతుంది. నడిపిన గంటలను రిజిస్టరులో రాయాలని నియమం ఉంది, కానీ రాసేది స్కూలే. నిజాయతీగా నడిపే స్కూలు ఫీజు ఎక్కువగా అడగక తప్పదు, అభ్యర్థి తక్కువ ఫీజు అడిగే చోటికి వెళ్తాడు. ఈ పోటీలో నష్టపోయేది మంచి స్కూలే. పర్యవేక్షణ గురించి మాట్లాడే వారు ఈ డీజిలు లెక్కను పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం.

పరీక్ష రోజున చూసేది, చూడలేనిది

పరీక్షలో ఏమేమి చూడాలో నియమావళి 15వ నియమం వివరంగా చెబుతుంది. అద్దాలు సరిచేసుకోవడం, ఇంజను స్టార్టు చేసేముందు జాగ్రత్తలు, గేర్లు క్రమంగా మార్చడం, దిగుడులో వెంటనే తక్కువ గేరుకు రావడం, ఎత్తులో ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం, వెనుకకు నడిపి ఇరుకైన సందులోకి చేర్చడం, ఇతర వాహనాలను దాటడం, తమను దాటనివ్వడం, అత్యవసరంగా ఆపడం వంటివన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. చదివితే పూర్తి డ్రైవరు కనిపిస్తాడు.

జాబితాకు, ట్రాకుకు మధ్య దూరం అక్కడే మొదలవుతుంది. ట్రాకు మీద కట్టిన చిన్న ఎత్తు ఎక్కి ఆపి కదిలిస్తే ‘ఎత్తు’ అన్న అంశం పూర్తవుతుంది. కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాటు గానీ, నల్లమలలో దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాటు గానీ అడిగేది వేరు. అక్కడ నిండు బస్సు కిలోమీటర్ల కొద్దీ దిగుతుంది. బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది, తర్వాత ఎంత నొక్కినా బండి ఆగదు. అందుకే అనుభవజ్ఞులు దిగుడు మొదలుకాకముందే గేరు తగ్గించి వేగాన్ని ఇంజనుతోనే పట్టి ఉంచి, బ్రేకును విడతలవారీగా వాడతారు. చదునైన ట్రాకు మీద, ఖాళీ బండితో, కొద్ది నిమిషాల్లో ఈ నైపుణ్యాన్ని పరీక్షించడం ఎంత చిత్తశుద్ధి గల అధికారికైనా సాధ్యం కాదు. నేషనల్ హైవే 44 మీద అర్ధరాత్రి దాటాక వచ్చే నిద్రమత్తు, వెనుక లైట్లు లేకుండా ఆగిన లారీని ఎంత దూరంలో గుర్తిస్తారన్నది, గాలి బ్రేకుల బస్సు ఆ వేగంలో ఎన్ని మీటర్లకు ఆగుతుందన్న అంచనా కూడా పగటి పూట పరీక్షకు అందవు.

పరీక్షలో తప్పినవారి సంగతి చట్టం స్పష్టంగానే చెప్పింది. మూడుసార్లు తప్పితే చివరి పరీక్ష నుంచి 60 రోజుల వరకు మళ్లీ హాజరుకాకూడదు. 2019 సవరణతో అలాంటివారు లోపాలు దిద్దే శిక్షణ కూడా పూర్తిచేయాలని చేర్చారు.

గుర్తింపు పొందిన కేంద్రాలు: మినహాయింపు ఎవరికి

2024 మే నెలలో ‘జూన్ 1 నుంచి ఆర్టీఓ ఆఫీసులో డ్రైవింగ్ పరీక్ష ఉండదు’ అన్న ప్రచారం ఫోన్లన్నింటిలో తిరిగింది. అది సరికాదని కేంద్ర మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. 2021 జూలై 1 నుంచే అమల్లో ఉన్న నిబంధనలలో రెండు రకాల సంస్థలు ఉన్నాయి. మామూలు డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5తో పరీక్ష నుంచి మినహాయింపు రాదు. కఠినమైన షరతులతో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రం ఇచ్చే ఫారం 5బితో వస్తుంది. భారీ వాహనాలు నేర్పే కేంద్రానికి కనీసం రెండెకరాల స్థలం, సిమ్యులేటరు, ట్రాకు ఉండాలి. భారీ వాహన కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు.

మినహాయింపును సమర్థించేవారు నిమిషాల పరీక్ష కన్నా ఆరు వారాల గమనింపు మేలని, దళారుల ప్రమేయం తగ్గుతుందని అంటారు. వ్యతిరేకించేవారు ఫీజు తీసుకునే సంస్థే పాసైనట్టు కూడా ధ్రువీకరిస్తే ఎవరినైనా ఫెయిల్ చేయడానికి దానికి ఏం ఆసక్తి ఉంటుందని అడుగుతారు. నా దృష్టిలో ఈ రెండో ప్రశ్నకు ఇంకా తృప్తికరమైన జవాబు లేదు. శిక్షణ ఒకరిది, పరీక్ష మరొకరిది అయినప్పుడే రెండింటికీ విలువ. అయినా 15 గంటలు నడిపించే శిక్షణ స్థానంలో, తరగతి పాఠాలతో కలిపి 38 గంటల కోర్సు రావడం చిన్న మార్పు కాదు.

లారీ, బస్సు ఒకే వర్గమా

ఒకప్పుడు చట్టంలో మధ్యతరహా సరుకు, మధ్యతరహా ప్రయాణికుల, భారీ సరుకు, భారీ ప్రయాణికుల వాహనాలు అన్న నాలుగు వర్గాలుండేవి. 1994 సవరణ ఈ నాలుగింటినీ కలిపి ‘రవాణా వాహనం’ అన్న ఒకే వర్గం చేసింది. ప్రయాణికుల బండ్ల డ్రైవర్లకు బ్యాడ్జి వంటి ఏర్పాట్లు రాష్ట్రాల నిబంధనల పరిధిలో ఉన్నాయి. బస్సుకు, లారీకి నడిపే నైపుణ్యం చాలావరకు ఒకటే. కానీ లారీలో సరుకు నిలబడి ఉండదు, మెట్ల మీద నుంచి దిగదు, పై బెర్తులో నిద్రపోదు.

బ్రిటన్‌లో బస్సుకు ‘డి’ అనే విడి వర్గం ఉంది. అక్కడ వృత్తి డ్రైవరు కావాలంటే 100 ప్రశ్నల పరీక్షలో 85 రావాలి, వీడియోలు చూసి ప్రమాద సూచనలను ముందుగా గుర్తించే పరీక్షలో నూటికి 67 రావాలి, ఆ తర్వాత నిజమైన రోడ్డు మీద నడిపి చూపాలి. అయిదేళ్లకోసారి 35 గంటల శిక్షణ మళ్లీ తీసుకోవాలి. దీనికీ ఖర్చు ఉంది. 2021లో ఆ దేశం లారీ డ్రైవర్ల తీవ్ర కొరతను చూసినప్పుడు, శిక్షణ, పరీక్షల భారం కూడా ఒక కారణమేనన్న విమర్శ అక్కడే వినిపించింది. మన దగ్గర ఈ మధ్యమెట్టును కొంతవరకు ఆర్టీసీ సొంతంగా కట్టుకుంది. హెవీ లైసెన్సు ఉన్నవారినే తీసుకున్నా, తన బస్సు మీద మళ్లీ పరీక్షించి, శిక్షణ ఇచ్చాకే రూటుకు పంపుతుంది. ప్రైవేటు బస్సులో ఆ మెట్టు ఉండడమో లేకపోవడమో యజమాని ఇష్టం మీద ఆధారపడుతుంది.

లైసెన్సు వచ్చిన తర్వాత

రాత్రి ప్రయాణంలో అలసట గురించి లైసెన్సు చట్టం పెద్దగా మాట్లాడదు. 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చేదాకా ఆ పని మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 చేసేది. అది రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది, దూరపు రూట్లలో అనుమతితో 10 గంటలు, 54 గంటల వరకు పెంచుకోవచ్చంది. అయిదు గంటల పనికి ముందే కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. హైదరాబాదు–బెంగళూరు ప్రయాణం ఆ 10 గంటల అంచునే ఉంటుంది కాబట్టి రెండో డ్రైవరు ఉన్నాడా, ఉంటే అతనికీ హెవీ లైసెన్సు ఉందా అన్నది తనిఖీల్లో అడగవలసిన ప్రశ్న. అర్హత లేని మనిషికి బండి ఇచ్చిన యజమానికి చట్టంలో 5,000 రూపాయల జరిమానా ఉంది. బీమా సంస్థ బాధితులకు ముందు చెల్లించి, ఆ సొమ్మును తర్వాత యజమాని నుంచి రాబట్టుకునేలా కోర్టులు ఆదేశించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. నిజంగా భయపడవలసింది ఈ రెండోదానికే.

రవాణా లైసెన్సు చెల్లుబాటు 2019 సవరణకు ముందు మూడేళ్లు, ఇప్పుడు అయిదేళ్లు. గడువు ముగిసిన ఏడాదిలోపు దరఖాస్తు చేసుకుంటే మళ్లీ నడిపి చూపనక్కరలేదు, ఏడాది దాటితేనే పరీక్ష. గడువులోపు వచ్చినవారు కొత్త ఫారం 1ఎ ఇస్తే చాలు. ఆ అయిదేళ్లలో దరఖాస్తుదారు బస్సు నడిపాడా, లారీ నడిపాడా, అసలు స్టీరింగే పట్టలేదా అన్నది ఈ నిబంధనలు అడగవు.